చేపకూ మనకూ మధ్య ఒక గీత

*వేసవి వస్తే చాలు, చేపల సొరంగాల గురించే పిల్లల మాటలు. ఆ సొరంగమూ, మన హాల్లోని చిన్న ట్యాంకూ ఇప్పుడు ఒకే పదార్థంతో తయారవుతున్నాయి. దాని పేరు అక్రిలిక్. సులువుగా పగలదు, బరువు తక్కువ, కానీ గీత పడుతుంది. పడ్డ గీత పోతుందా? కలికిరి నుంచి మదనపల్లె దాకా తిరిగి తెలుసుకున్న కథ ఇది.*

కర్ర్‌... కర్ర్‌...

దోసె పెనం తోమేటప్పుడు వచ్చే చప్పుడు. కాకపోతే ఆ ఆదివారం పొద్దున అది వంటింట్లోంచి కాక హాల్లోంచి వచ్చింది. తోముతున్నది నేనే. ఎడమ చేతిలో మగ్గు, కుడి చేతిలో పచ్చ స్క్రబ్బరు, ఎదురుగా రెండడుగుల ఫిష్ ట్యాంకు. లోపలి గోడలకు పాసి పట్టింది. బయట, నీళ్లు అంచు దాటి కారిన చోటల్లా తెల్లటి ఉప్పుచార. సెలవు రోజు ఇంట్లో ఒక మంచి పని చేశాననిపించుకుందామని మోచేతి బలమంతా పెట్టి పది నిమిషాలు రుద్దాను. పాసి పోయింది. చార పోయింది. పొడిగుడ్డతో తుడిచి, కిటికీ తెర పక్కకు లాగి చూద్దును కదా, ఎండ పడిన మేరంతా సాలెగూడు! సన్నటి గీతలు వందల్లో ఉన్నాయి, నా చెయ్యి తిరిగిన దారినంతా ఎవరో పటం గీసినట్టు. గోల్డ్‌ఫిష్‌లు రెండూ పొగమంచులో ఈదుతున్నట్టున్నాయి.

"నాన్నా, చేపలకు కళ్లు మసకలొచ్చినాయా?" అంది మా పాప.

సరిగ్గా అప్పుడే కువైట్ నుంచి మా బామ్మర్ది వీడియో కాల్. ఆ ట్యాంకు తెచ్చింది వాడే. రెండేళ్ల కిందట సెలవుకు వస్తూ దుప్పట్లో చుట్టి, లగేజీలో వేసి, చెన్నైలో దిగి, కలికిరి దాకా బస్సులో ఒళ్లో పెట్టుకొచ్చాడు. "గాజుదైతే యాడ తెస్తును బావా, దిగేలోగా ముక్కలైపోదా! ఇది అక్రిలిక్కు. కింద పడినా పగలదు" అన్నాడు అప్పట్లో. వాడి మాట నిజమే, పగల్లేదు. గీతల సంగతి మాత్రం వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫోన్‌ను చేపల వైపు తిప్పకుండా, టీవీ వైపు తిప్పి మాట్లాడాను.

దుబాయ్ మాల్ నుంచి మన హాలు దాకా

కలికిరి, పీలేరు, రాయచోటి వైపు ఏ వీధిలోకి పోయినా గల్ఫ్‌లో ఉన్న మనిషి తాలూకు ఇల్లు ఒకటైనా తగులుతుంది. వాళ్లు పంపే ఫొటోల్లో ఒకటి తప్పనిసరిగా దుబాయ్ మాల్ అక్వేరియం ముందు దిగింది. వెనక షార్కు, ముందు మనవాడు, ఇద్దరి మధ్యా ఏమీ లేనట్టే ఉంటుంది. నిజానికి ఉన్నది 75 సెంటీమీటర్ల మందపు అక్రిలిక్ పలక. దాని వెడల్పు దాదాపు 33 మీటర్లు, ఎత్తు 8 మీటర్ల పైచిలుకు. వెనక కోటి లీటర్ల నీళ్లు. కువైట్ వాళ్లయితే సాల్మియాలోని సైంటిఫిక్ సెంటర్‌కు కుటుంబాలను తీసుకెళ్తారు. 2000లో తెరిచిన దాంట్లోనూ పెద్ద అక్వేరియం ఉంది.

ఆ ఫొటోలు చూసి నోరు తెరిచిన మనకు ఇప్పుడు అంత దూరం పోయే పని తప్పింది. ముంబైలోని తారాపోర్‌వాలా అక్వేరియాన్ని 2015లో బాగుచేసి తెరిచినప్పుడు 12 అడుగుల అక్రిలిక్ సొరంగం పెట్టారు. అహ్మదాబాద్ సైన్స్ సిటీలో 2021లో 28 మీటర్ల సొరంగం వచ్చింది. ఈ రెండు మూడేళ్లుగా పెద్ద ఊళ్లలో వేసవి ఎగ్జిబిషన్లంటే జెయింట్ వీల్ పక్కన చేపల సొరంగం కూడా ఉండాల్సిందే. టికెట్టు కొని లోపలికి పోతాం. నెత్తిమీద స్టింగ్‌రే చేప ఈదుతుంది. బయటికొచ్చాక పిల్లలు అడిగేది ఒక్కటే, మనింట్లోనూ పెడదాం నాన్నా అని.

మా వైపు దుకాణాల్లో ఇప్పటికీ ఎక్కువగా దొరికేది గాజు ట్యాంకే. అతుకులకు సిలికాన్ పూసి అక్కడికక్కడే చేసిస్తారు. అక్రిలిక్‌వి గల్ఫ్ నుంచో, బెంగళూరు నుంచో, ఆన్‌లైన్ అట్టపెట్టెలోనో వస్తాయి. డాక్టరు గారి క్లినిక్‌లో, హోటల్ క్యాష్ కౌంటరు మీద, వాస్తు కోసం ఈశాన్యంలో ఫ్లవర్‌హార్న్ చేపను పెట్టుకున్న ఇళ్లలో కనిపిస్తున్నాయి. మూలలు గుండ్రంగా తిరిగి, అతుకు కనబడకుండా ఉంటే అది అక్రిలిక్ అని గుర్తు. ఇంకా అనుమానముంటే వేలి కణుపుతో కొట్టి చూడండి. గాజు ఖంగుమంటుంది. అక్రిలిక్ డబ్బామూత మాదిరి దబ్‌మంటుంది.

మా ట్యాంకులో పట్టేది సుమారు 70 లీటర్లు. ఖాళీ ట్యాంకు బరువు ఆరు కేజీల చిల్లర. అదే కొలతల గాజుదైతే రెట్టింపు తూగుతుంది. లగేజీలో బరువు లెక్క చూసుకునే గల్ఫ్ మనిషికి ఈ తేడా తెలియకుండా ఉంటుందా!

▣ బాక్స్: మెరీనా ఒడ్డున మొదలు

*ఇంగ్లిష్‌లో 'అక్వేరియం' అన్న మాటను ఈ అర్థంలో ప్రచారంలోకి తెచ్చింది ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త, 1854లో. దానికి ముందు ఏడాదే లండన్ జూలో జనం కోసం చేపల ఇల్లు తెరిచారు. మన వైపు చూస్తే, చిత్తూరు ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1909లో మెరీనా బీచ్ దగ్గర అక్వేరియం వెలిసింది. అప్పటివన్నీ గాజువే. ఈ రోజుకీ మన దుకాణాలకు రంగు చేపలు పెద్ద ఎత్తున వచ్చేది చెన్నై కొళత్తూరు నుంచే. వీధుల కొద్దీ చేపల దుకాణాలున్న పేట అది.*

మెత్తటి అద్దం

మనం దాన్ని అద్దం అంటాం గానీ అది అద్దం కాదు, ప్లాస్టిక్. జర్మనీలో ఒట్టో రోమ్ కంపెనీ 1933లో దీనికి ప్లెక్సిగ్లాస్ అని పేరు నమోదు చేసుకుంది. అదే కాలంలో బ్రిటన్‌లో పెర్‌స్పెక్స్ పేరుతో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో చాలా విమానాల పైకప్పు అద్దాలు దీనివే. వెలుతురును నూటికి 92 పాళ్లు లోపలికి వదులుతుంది, మందం పెరిగినా గాజులా పచ్చబారదు. జపాన్‌లోని ఒకినావా చురౌమి అక్వేరియంలో 2002లో 60 సెంటీమీటర్ల మందపు పలక వెనక తిమింగల సొరచేపను నిలబెట్టి చూపించగలిగింది అందుకే.

లోటు ఒక్కటే, మెత్తదనం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే లెక్క ఒకటుంది. అందులో మన గోరు రెండున్నర, మామూలు గాజు అయిదున్నర, ఏటి ఇసుకలోని పలుగురాయి రేణువు 7. అక్రిలిక్ 3 దగ్గర ఆగిపోతుంది. గోరుకు కాస్త పైన, మిగతా అన్నిటికీ కింద! పచ్చ స్క్రబ్బరులో నైలాను దారాలకు గట్టి ఖనిజపు పొడి అంటించి ఉంటుంది. చాలావాటిలో అది అల్యూమినియం ఆక్సైడ్, గట్టిదనం 9. అంటే ఆ ఆదివారం పొద్దున నేను చేసింది ట్యాంకును కడగడం కాదు, సాన పట్టడం.

▣ బాక్స్: అవ్వ కంట్లోనూ ఇదే

*యుద్ధంలో విమానపు అద్దం పగిలి కళ్లలో అక్రిలిక్ పెంకులు గుచ్చుకున్న పైలట్లకు హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ కంటి వైద్యుడు చికిత్స చేశారు. ఆ పెంకులు కంట్లో ఉండిపోయినా కన్ను వాటిని తిరస్కరించడం లేదని గమనించారు. అలాగైతే శుక్లం తీసేసిన చోట దీంతోనే బిళ్ల చేసి పెడితే? 1949 నవంబరు 29న లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదటిసారి ఆ పని చేశారు. తోటి వైద్యులు ఏళ్ల తరబడి వెక్కిరించారు. మన దేశంలో ఆ బిళ్ల పేదవాడికి అందింది మాత్రం 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్లు అరోల్యాబ్ పెట్టి ఇక్కడే తయారీ మొదలుపెట్టాక. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న మీ అవ్వ చేపల ట్యాంకు చూస్తూ కూర్చుంటే, ఆమె చూపు రెండు అక్రిలిక్కుల గుండా పోతున్నట్టే లెక్క.*

తప్పు పాసిది కాదు, నీళ్లది

గీతలు వేసింది నా చెయ్యే, ఒప్పుకుంటాను. కానీ నన్ను స్క్రబ్బరు పట్టేలా చేసింది మా బోరు నీళ్లు. కలికిరి, మదనపల్లె, పుంగనూరు అంతా గట్టి రాతి నేల. బండ పగుళ్లలో ఎక్కడో దాగిన నీటి కోసం వెయ్యి అడుగులు దాటి బోర్లు దించిన రైతులున్న ప్రాంతం. రాళ్ల మధ్య ఏళ్లకేళ్లు నానిన నీళ్లలో సున్నం, ఉప్పు కరిగి ఉంటాయి. కుక్కర్ అడుగున పేరుకునే తెల్ల పొర, గీజరు కాయిల్‌ను తినేసే పొర, ఫిష్ ట్యాంకు అంచున కనబడే చార, అన్నీ ఒకటే. నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం మిగులుతుంది. దాన్ని పొడిగా గీకితే, ఊడిన సున్నపు పలుకులే మళ్లీ గీతలు గీస్తాయి.

మందు వంటింట్లోనే ఉంది. వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ మెత్తటి గుడ్డ తడిపి, చార మీద పావుగంట అతికించి వదిలేస్తే సున్నం దానంతటదే కరుగుతుంది. తర్వాత మంచినీళ్ల గుడ్డతో ఒక్క తుడుపు, అంతే. నీళ్లున్న ట్యాంకయితే ఈ పుల్లటి రసం లోపలికి కారకుండా చూసుకోవాలి.

లోపలి పాసి సంగతి వేరు. లైటు పగలూ రాత్రీ వెలుగుతుంటే, మేత రెండు చిటికెలు ఎక్కువ పడుతుంటే పాసి పట్టకుండా ఎట్లా ఉంటుంది! లైటు ఎనిమిది గంటలకు మించకుండా చూసి, కిటికీ ఎండ నేరుగా పడని చోటుకు ట్యాంకును జరిపితే సగం తగ్గుతుంది. మిగిలిన దానికి పాత బనీను గుడ్డ, లేదా గడువు తీరిన ఏటీఎం కార్డు అంచు చాలు. కార్డుతో గీకినా గీత పడదు. బ్లేడు మాత్రం వద్దు. గాజు ట్యాంకులకు బ్లేడు వాడే అలవాటున్న కుర్రాళ్లు ఇంటికొచ్చి శుభ్రం చేసేటప్పుడు, ముందే చెప్పకపోతే అదే చేత్తో అక్రిలిక్ మీదా లాగేస్తారు.

అయస్కాంతం బిళ్లలు మరో ప్రమాదం. లోపల ఒకటి, బయట ఒకటి, చెయ్యి తడవకుండా పని అయిపోతుంది. కానీ అడుగు దాకా దించితే లోపలి బిళ్లకు ఒక్క ఇసుక రేణువు చిక్కుకుంటుంది. మీరు బయట నుంచి హాయిగా పైకీ కిందకీ ఆడిస్తుంటే లోపల ఆ రేణువు రైలు పట్టాలు వేస్తుంటుంది. ఇసుక మట్టానికి రెండంగుళాల పైనే ఆపేయడం మేలు.

▣ బాక్స్: అక్రిలిక్ దగ్గరికి రానివ్వకూడనివి

*అమ్మోనియా గానీ ఆల్కహాలు గానీ కలిసిన అద్దాల స్ప్రే, థిన్నర్, పెట్రోలు, గోళ్లరంగు తీసే ద్రవం. ఇవి తగిలితే గీత పడదు, అంతకంటే ఘోరం జరుగుతుంది. లోపల్లోపల వెంట్రుకల్లాంటి పగుళ్లు లేస్తాయి. సైన్‌బోర్డులు చేసేవాళ్లు అక్రిలిక్ ముక్కల్ని అతికించేది క్లోరోఫామ్‌తోనే, అది పదార్థాన్ని కరిగిస్తుంది కాబట్టి. సబ్బు, డిటర్జెంటు అక్రిలిక్‌ను ఏమీ చేయవు గానీ చేపల్ని చంపుతాయి. న్యూస్‌పేపరుతో తుడవడం కూడా వద్దు. ఈ పేపరుతో కూడా! పొడిగుడ్డతో రుద్దితే అక్రిలిక్ దుమ్మును తనవైపే లాక్కుంటుంది. ఎప్పుడైనా తడిగుడ్డే.*

"గోరు జారితే పేస్టు, గోరు ఆగితే ఉప్పుకాయితం"

గీతలు పోగొట్టే మార్గం కోసం ముందు నేను పోయింది అక్వేరియం దుకాణానికి. "పోవు సార్. కొత్తది తీసుకోండి" అన్నారు. అమ్మేవాళ్లు ఇంకేమంటారు!

దారి చూపింది బజారులో వాచీలు బాగుచేసే పెద్దాయన. వేరే పని మీద పోయి, మాటల్లో ట్యాంకు సంగతి చెప్పాను. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే నవ్వాడు.

"అది గాజు కాదు కదయ్యా. మా పాత వాచీల పైన ఉండే బిళ్ల మాదిరిదే. హెచ్‌ఎంటీ జనతా చూసుండావా? దాని పైబిళ్ల అక్రిలిక్కే. పెళ్లికి మామ పెట్టిన వాచీ, ముప్పై ఏండ్లు చేతికుంటే గీతలు పడవా? తెచ్చి ఇస్తారు. బిళ్ల మార్చేదేమీ లేదు. పండ్ల పేస్టు రవ్వంత పెట్టి, గుడ్డతో రుద్దేదే. పెళ్లినాటి వాచీ అయిపోతాది."

బెంగళూరులో హెచ్‌ఎంటీ వాచీల ఫ్యాక్టరీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైంది. మూసేయాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. ఆ వాచీలు కట్టిన చేతులు మా వైపు ఇప్పటికీ ఉన్నాయి. వాటి బిళ్లలు తుడిచి తుడిచి ఈ పెద్దాయన సంపాదించిన తెలివిని నేను చేపల ట్యాంకుకు అరువు తెచ్చుకున్నాను.

"ముందు గోరు పెట్టి అడ్డంగా లాగి చూడు. గోరు జారిపోతే పేస్టు చాలు. గోరు తగులుకుని ఆగిందా, ఉప్పుకాయితం పట్టాల్సిందే" అన్నాడాయన.

పేస్టు అంటే తెల్ల పేస్టు, రంగురంగుల జెల్ పనికిరాదు. దాంట్లో పళ్లను రుద్దడానికి కలిపే మెత్తటి పొడే ఇక్కడా పనిచేస్తుంది. ప్లాస్టిక్ కోసమే ప్రత్యేకంగా అమ్మే పాలిష్ దొరికితే అది ఇంకా నయం. ఏదైనా సరే బయటి వైపే. పేస్టు గానీ, పాలిష్ గానీ చేపలున్న నీళ్లలోకి చుక్క కూడా పోకూడదు.

నా గీతల్లో సగం పేస్టు బాపతు. మిగతా సగం దగ్గర గోరు ఆగింది.

మదనపల్లె షెడ్డులో ఓ పాఠం

ఉప్పుకాగితం అంటే చెక్కకు వాడే గరుకుది కాదు. కార్ల పెయింటర్లు నీళ్లలో ముంచి రుద్దే నల్ల కాగితం ఉంటుంది చూడండి, వాటర్ పేపర్ అంటారు. మదనపల్లెలో ఒక కార్ల పెయింటింగ్ షెడ్డుకు పోయాను. అక్కడ ఒక కుర్రాడు కారు డోరు మీద నీళ్లు చల్లుకుంటూ కాగితం ఆడిస్తున్నాడు. నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుందని, 800తో మొదలుపెట్టి 1000, 1500, 2000, దొరికితే 3000 దాకా పోవాలని చెప్పాడు.

"మధ్యలో నంబరు ఎగరగొట్టినావంటే అయిపాయె అన్నా! ఎనిమిదొందల గీతను రెండువేలు తీయలేదు. నువ్వు పొద్దంతా రుద్దినా చెయ్యి నొప్పే మిగిలేది."

నాకు అక్కడే విషయం బోధపడింది. గీత అంటే ఒక గుంట. ఆ గుంటను ఏదీ పూడ్చదు. చుట్టూ ఉన్న మంచి జాగాను గుంట లోతుకు దించుకుంటూ పోవడమే మరమ్మతు. మొదటి కాగితం పాత గీతను తీసి తన గీతలు పెడుతుంది. రెండోది వాటిని తీసి ఇంకా సన్నవి పెడుతుంది. చివరికి మిగిలేవి కంటికి ఆననంత సన్నం. నా పచ్చ స్క్రబ్బరు మీదున్నదీ, ఈ కాగితం మీదున్నదీ ఒకే కోవకు చెందిన ఖనిజపు పొడి. పాడు చేసేదీ అదే, బాగు చేసేదీ అదే. తేడా అంతా ఏ నంబరు ఎప్పుడు పట్టామన్న దాంట్లో ఉంది.

విమానాల కిటికీ పలకలూ అక్రిలిక్‌వే. వాటి గీతల్నీ ఇట్లాగే మెట్టుమెట్టుగా నునుపు చేస్తారు. ఆ పనికి 12,000 నంబరు దాకా కాగితాలుంటాయి. మా షెడ్డు కుర్రాడు విమానం ఎక్కాడో లేదో తెలియదు గానీ, ఆ విద్య వాడి చేతిలో ఉంది.

మూడు రోజుల పని

మొదటి రోజు ఇల్లు ఖాళీ చేయించాను, చేపల చేత. ట్యాంకు నిండా నీళ్లుంటే పలకలు కొద్దిగా ఉబ్బి బిగుసుకుని ఉంటాయి. ఆ బిగువు మీద కాగితం పట్టకూడదు. ట్యాంకులోని నీళ్లనే పెద్ద టబ్బులోకి పైపుతో లాగి, చేపల్ని అందులోకి మార్చి, గాలి మోటారు పెట్టాను. గోల్డ్‌ఫిష్ ఎగిరి దూకుతుంది, పక్కింటి పిల్లి ఎదురుచూస్తూనే ఉంటుంది. అందుకని టబ్బు మీద ఒక టమాటా క్రేటు బోర్లించాను. చిల్లులున్నాయి, గాలాడుతుంది, పిల్లి చెయ్యి దూరదు. టమాటా క్రేటుకు మా ఊళ్లో లేని ఉపయోగం లేదు.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడిగే తప్పు చాలామంది చేస్తారు. చేపల విసర్జనలోంచి పుట్టే విషపు అమ్మోనియాను విరిచే సూక్ష్మజీవులు కాపురం ఉండేది అందులోనే. ట్యాంకు నీళ్లలోనే దాన్ని రెండుసార్లు పిండి, టబ్బులోనే వేసి ఉంచాను. ట్యాంకు కడిగిన మూడోరోజు చేపలు చచ్చిపోయాయి అని వింటుంటాం కదా, చాలాసార్లు కారణం ఇదే. నీళ్లన్నీ మార్చేయడం, స్పాంజి ఉతికేయడం ఒకేరోజు జరిగి ఉంటుంది.

రెండో రోజు కాగితం. ముందు గోడను నీళ్లతో కడిగి, ఒక్క ఇసుక రేణువు లేదని వేలితో నిమిరి చూశాక, 800 నంబరును చిన్న రబ్బరు ముక్కకు చుట్టి, నీళ్లు జారుతుండగా అడ్డంగా రుద్దాను. రుద్దిన చోటల్లా పాలపొరలా తెల్లబడింది. మా ఆవిడ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయింది. తిట్టు కంటే దానికే ఎక్కువ భయం వేసింది. కడిగి, కాగితం మార్చి, 1000తో నిలువుగా. అడ్డగీతలన్నీ పోయి నిలువువే కనబడే దాకా. మళ్లీ కడిగి 1500 అడ్డంగా, 2000 నిలువుగా. ఇట్లా దిశ మారుస్తూ పోతే, పాత నంబరు గీత మిగిలిందో లేదో కన్నే చెబుతుంది.

గీత ఉన్నచోటే రుద్దాలనిపిస్తుంది. అక్కడే ఆగాలి. ఒక్కచోటే తింటే గుంట పడి, అందులోంచి చూస్తే చేప వంకరగా కనబడుతుంది. అరచేతి వెడల్పున నలువైపులా సర్దుకుంటూ పోవాలి. ఒక మూల నాకు ఓపిక చాలక పొదుపు చేశాను. ఇప్పుడు ఆ మూలకు వచ్చిన ప్రతి చేపకూ తల పెద్దదవుతుంది. పాప దానికి సంబరపడుతోంది కాబట్టి వదిలేశాను.

మూడో రోజు పాలిష్. డ్రిల్ మిషనుకు బఫ్ చక్రం తగిలిస్తే పది నిమిషాల పని అని షెడ్డులో చెప్పారు. నేను సాహసించలేదు. అక్రిలిక్ నూరు డిగ్రీల దగ్గరికి వేడెక్కితే మెత్తబడిపోతుంది. చక్రం ఒక్కచోట రెండు క్షణాలు ఆగితే చాలు, గీత పోయి మచ్చ మిగులుతుంది. అది ఇంకే కాగితానికీ లొంగదు. చేత్తోనే, బనీను గుడ్డతో, చిన్న చిన్న సున్నాలు చుడుతూ గంటన్నర. పాలపొర మెల్లగా పల్చబడి, అద్దం తేలింది. మా ఆవిడ మళ్లీ వచ్చి చూసింది. ఈసారి కాఫీ ఇచ్చింది.

కాగితాలు, పాలిష్ కలిపి మూడొందలు దాటలేదు. కూలి లెక్క కడితే మాత్రం ఎవరూ ఈ పని ఒప్పుకోరు.

పోనివి కూడా ఉన్నాయి

థిన్నర్ లాంటివి తగిలి లోపల లేచిన వెంట్రుక పగుళ్లకు ఏ పాలిష్ పనిచేయదు. అవి పైన ఉండవు. అతుకుల దగ్గర గానీ, పై అంచు మూలల్లో గానీ అట్లాంటి మెరిసే పగుళ్లు గుంపుగా కనిపిస్తే ఆ ట్యాంకులో నీళ్లు నింపే ఆలోచన మానుకోవాలి. 70 లీటర్లంటే 70 కేజీలు. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న దాంట్లో 190 లీటర్లు. హాల్లో కూలితే ముందు తడిసేది కరెంటు బోర్డు.

బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలో పెద్ద స్తంభంలా ఉండే ఆక్వాడోమ్ అనే అక్వేరియం 2022 డిసెంబరు 16 తెల్లవారుజామున ఒక్కసారిగా పగిలింది. 10 లక్షల లీటర్ల నీళ్లు, దాదాపు 1,500 చేపలు వీధిన పడ్డాయి. నిపుణులు కారణాన్ని ఖాయంగా తేల్చలేకపోయారు. వాళ్లకొచ్చిన అనుమానాలు మాత్రం మన ఇంటి ట్యాంకుకూ పనికొస్తాయి: అతుకు వదలడం, బాగుచేసేటప్పుడు అడుగున ఒక గాటు పడడం, నీళ్లు తీసి ఉంచిన రోజుల్లో అక్రిలిక్ ఎండిపోవడం. అందుకని అతుకుల మీద కాగితం పట్టొద్దు. ఖాళీ ట్యాంకును మిద్దె మీద ఎండలో పెట్టొద్దు.

▣ బాక్స్: పాసి కోసం తెచ్చిన దెయ్యం

*పాసి తింటుందని దుకాణాల్లో సక్కర్ ఫిష్‌ను అంటగడతారు. వేలెడంత ఉన్నప్పుడు గోడలకు అతుక్కుని ముద్దుగానే ఉంటుంది. అడుగు దాటి పెరిగాక ట్యాంకు చాలదు, చంపలేక చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నదుల చేప ఇది. మన నీళ్లలో దీన్ని తినేవి తక్కువ. ముళ్ల పెంకుతో వలలు చింపుతుంది. దెయ్యం చేప అని జాలర్లు తిట్టుకునేది దీన్నే. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీళ్లలో దొరికే డీఎన్‌ఏ ఆనవాళ్ల సాయంతో తూర్పు కనుమల నీటి వనరుల్లోనూ దీని జాడ పట్టారు. వద్దనుకుంటే దుకాణానికే తిరిగి ఇవ్వండి. కలికిరి చెరువుకు మాత్రం పంపకండి.*

నీళ్లు పోశాక తెలిసింది

బయటి వైపు అంతా అయ్యాక లోపలి గీతలు మిగిలాయి. ఖాళీ ట్యాంకులో అవి ఘోరంగా కనబడుతున్నాయి. మళ్లీ మూడు రోజులు పెట్టాలా అని కూర్చున్నాను. ముందు చేపల్ని టబ్బులోంచి విముక్తి చేద్దామని పాత నీళ్లు పోశాను. నీళ్లు పైకి వచ్చేకొద్దీ గీతలు ఒక్కొక్కటే మాయం! మాయేమీ లేదు. లోపలి గీతలోకి నీళ్లు చేరి ఆ గుంటను నింపేస్తాయి. గాలికీ అక్రిలిక్‌కూ మధ్య వెలుతురు విరిగినంతగా, నీళ్లకూ అక్రిలిక్‌కూ మధ్య విరగదు. అందువల్ల సన్నగీత కంటికి ఆనదు. ఈ సంగతి ముందే తెలిసుంటే లోపలి వైపు గురించి ఒక రాత్రి నిద్ర చెడగొట్టుకునేవాణ్ణి కాదు. లోపల గీతలున్నాయని ట్యాంకును మూలపడేసిన వాళ్లుంటే, ముందు నీళ్లు నింపి చూడండి. గోరు ఆగేంత లోతైనవి తప్ప మిగతావి అడ్డు రావు.

ఇప్పుడు వారానికొకసారి పావు వంతు నీళ్లు మారుస్తున్నాను. తడి బనీను గుడ్డ ఒకటి ట్యాంకు కోసమే విడిగా ఉంది, స్టాండు కింద మేకుకు తగిలించి. మున్సిపాలిటీ నీళ్లు వాడే ఊళ్లలోనైతే క్లోరిన్ పోయేదాకా ఒకరోజు పట్టి ఉంచుకోవాలి. మా బోరు నీళ్లకు ఆ బాధ లేదు. సున్నం బాధే, దానికి నిమ్మకాయ ఉంది.

బామ్మర్దికి మొన్న వీడియో కాల్‌లో ట్యాంకు చూపించాను. "కొత్తదాని మాదిరే ఉండాదే బావా" అన్నాడు. జరిగింది చెప్పలేదు. ఈ వ్యాసం వాడు చదవకపోతే మంచిది.

లోపల, ఎడమ వైపు కింద, గోరు ఆగే గీత ఒకటి ఇంకా ఉంది. సాయంత్రం నాలుగింటికి కిటికీలోంచి ఎండ వాలుగా పడినప్పుడు వెండితీగలా మెరుస్తుంది. మిగతా వేళల్లో నేను వెతికినా దొరకదు.